టైలరమ్మ కుట్టిన ముగింపులు

ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది గానీ, ఒకప్పుడు ఆ ముందుగది టైలరమ్మది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని వెనకాల చెక్క అలమర. పై అరల్లో కుట్టాల్సిన బట్టలు, కింది అరల్లో నవలలు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు వంగి కింది అరల్లోకి చూశారా, ఇక కొలతల సంగతి దేవుడెరుగు. చొక్కా ఎప్పటికిస్తావని అడగాల్సిన మనిషి, కొత్తగా ఏం వచ్చాయమ్మా అని అడిగేవాడు.

అన్నీ హత్యల పుస్తకాలే. అయితే వాటిలోనూ రెండు రకాలు. ఒకటి రాజుల కాలం నాటివి: కోటలు, ఓడలు, విషం కలిపిన వెండిగిన్నెలు. రెండోది చిన్న ఊళ్లో ఏ బేకరీలోనో పూలకొట్లోనో ఒకరు చచ్చిపోతే, పోలీసుల కంటే ముందు ఇరుగుపొరుగువాళ్లే కూపీ లాగేవి. ఈ రెండో రకాన్ని వదిన "ఒక శవం, నలభై కప్పుల టీ" అనేది.

వదిన అంటే టైలరమ్మ భర్తకి అక్క. వీధి మొత్తం ఆమెను వదిన అనే పిలిచేది, ఆఖరికి పోస్టుమాన్ కూడా. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "రోజంతా ఊరందరి కాపురాలూ చెవిలో వింటున్నాను, చాలదా?" అనేది.

టైలరమ్మ కొత్తకోడలిగా వచ్చి బిక్కుబిక్కుమంటూ ఓ మూల కూర్చుని ఉంటే, డ్యూటీ దిగి వచ్చిన ఈ ఆడపడుచు చేతిసంచిలోంచి అట్ట ఊడిన నవలొకటి తీసి ఒళ్లో పడేసింది.

"చదువు. శవం ద్రాక్షతోటలో దొరుకుతుంది. అంతకుమించి చెప్పను."

ఆ పూట పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అత్తగారు నానా మాటలూ అన్నారు. టైలరమ్మ తలెత్తితేగా!

అప్పటినుంచి అదే వాళ్లిద్దరి మధ్య చట్టం. పుస్తకం బాగుందని చెప్పొచ్చు. శవం ఎక్కడ దొరికిందో చెప్పొచ్చు. చంపిందెవరో చెబితే మాత్రం మహాపాపం. మూడో అధ్యాయం అయ్యేసరికి ఇద్దరూ చెరో మనిషిని అనుమానించి పైకి చెప్పెయ్యాలి. ఊహ తప్పినవాళ్లు టీ పెట్టాలి. వదిన ఒకసారి అనుమానించిందంటే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అయినా సగానికి సగం ఓడిపోయేది. ఓడినప్పుడల్లా రచయితని తిట్టిపోసి, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ టీ పెట్టేది. ఆ టీ ఎంత బాగుండేదో! భర్త పోయి తన వాటాలో ఒక్కతీ మిగిలిన రోజుల్లో టైలరమ్మని నిలబెట్టింది కూడా పక్క వాటాలో ఉండే వదినతో ఆ పందేలూ, ఆ టీలే.

తర్వాత వదిన కళ్లు దెబ్బతిన్నాయి. మనుషులు నీడల్లా కనిపిస్తారు, అక్షరాలు ఇక కనిపించవన్నాడు డాక్టరు. "దానికేముంది, నేను చదువుతా," అంది టైలరమ్మ. రోజూ సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి చదవడం మొదలుపెట్టింది.

అలా చదివిన మొదటి నవలలో మిరియాల వర్తకుడి శవం పడవలో దొరికింది. వదిన పడవ నడిపేవాణ్ణి పట్టుకుంది. తీరా చూస్తే చంపింది వర్తకుడి మేనకోడలు. ఈసారి వదిన రచయితని తిట్టలేదు. "కళ్లే పోయాయనుకున్నా. బుర్ర కూడా పోయినట్టుందే," అంది. గొంతు వణికింది.

ఆ గొంతు టైలరమ్మని కుదురుగా ఉండనివ్వలేదు. బిగుతైన చొక్కా విప్పి వదులు చేసే మనిషికి కథ ఒక లెక్కా? తర్వాత వచ్చిన బేకరీ నవలలో వదిన పూలకొట్టు యజమానిని అనుమానించింది. ఆఖరి అధ్యాయం రాగానే టైలరమ్మ పుస్తకం ఎదురుగా పట్టుకుని, నేరమంతా ఆ పూలాయన చేత ఒప్పించేసింది. పాపం, పుస్తకంలో ఆయన ఏ పాపం ఎరగడు.

"నేనప్పుడే చెప్పలా!" అని వదిన చేతులు చరిచింది. టైలరమ్మ సంతోషంగా టీ పెట్టింది.

ఆ తర్వాత ప్రతి పుస్తకంలోనూ వదినే గెలిచింది. ప్రతిసారీ టైలరమ్మే టీ పెట్టింది. కానీ రానురాను వదిన మధ్యలో కునుకు తీయడం మొదలుపెట్టింది. ఆలస్యంగా వచ్చేది, తొందరగా లేచిపోయేది.

"ఈ మధ్య రాసేవాళ్లకి చేతకావట్లేదే," అని ఒకరోజు అనేసింది. "ఇంక చాల్లే అమ్మాయ్. ఆ అరలు ఖాళీ చేసి బట్టలు పెట్టుకో."

ఆ సాయంత్రాలు లేకపోతే టైలరమ్మకి మాత్రం ఇంకేం మిగులుతుంది?

ఆ మర్నాడే మందులషాపాయన ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చాడు. వదిన అక్కడే కూర్చుని ఉంది. "గంటల గోపురంలో శవం దొరికే నవల ఇచ్చారు కదండీ, ఎంత బాగుందో! మీరిద్దరూ చదివేశారుగా, చెప్పినా తప్పులేదు. ఆఖరికి గంటలు కొట్టేవాడి భార్య అని తేలితే నాకు నోట మాట రాలేదు," అన్నాడు.

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. తను వదినకి చదివి వినిపించినదాంట్లో చంపింది కోశాధికారి మరి.

"అవునండీ, ఎవరూ ఊహించలేరు," అంది వదిన చల్లగా. ఆయన వెళ్లాక కూడా ఏమీ అడగలేదు. "ఇవాళ ఇంకోటి మొదలుపెట్టు," అంది, అంతే.

ఈసారి శవం గడియారాల కొట్లో దొరికింది. వదిన కొట్లో పనిచేసే మరమ్మతువాణ్ణి అనుమానించింది. కొన్ని సాయంత్రాల తర్వాత ఆఖరి అధ్యాయం వచ్చింది. నిజం చదవాలా, మళ్లీ మార్చాలా అని టైలరమ్మ తటపటాయించి, అలవాటు కొద్దీ మరమ్మతువాడి చేత కన్నీళ్లు పెట్టించడం మొదలుపెట్టింది.

"పేజీ తిప్పవేం?" అంది వదిన.

"ఆఁ?"

"ఆఖరి అధ్యాయం మొదలైందగ్గర్నుంచీ కాగితం చప్పుడే లేదు. అంత కథ ఒక్క పేజీలో రాశాడా వాడు?"

టైలరమ్మ పుస్తకం ఒళ్లోకి దించేసింది. ఊరందరి మాటలూ విన్న చెవులవి. వాటి ముందా తను పిల్లిలా కళ్లు మూసుకుని పాలు తాగింది!

"ఎన్ని మార్చావు?"

"మిరియాల వర్తకుడి తర్వాతవన్నీ. ఆ రోజు నీ గొంతు విని తట్టుకోలేకపోయాను, వదినా."

వదిన కోపంగా మొహం తిప్పేసుకుంది. తర్వాత మెల్లగా అంది: "నాకు రుచి చచ్చిపోయిందనుకున్నానే. చదువు మీద, దేని మీదా ఇష్టం లేకుండా పోయింది, ఇంక అయిపోయానని రోజూ పడుకునే ముందు అనుకునేదాన్ని. ఓడిపోతానేమోనన్న భయం లేకపోతే ఆ శవంతో నాకేం పని?" మొహం తుడుచుకుంది. "చదువు. ఉన్నదున్నట్టు."

టైలరమ్మ వెనక్కి వెళ్లి అధ్యాయం మొదటినుంచీ చదివింది. ప్రతి పేజీనీ చప్పుడయ్యేలా తిప్పింది. చంపింది రోజూ టైం అడగడానికి కొట్లోకి వచ్చే ముసలావిడ. ఇద్దరూ ఆమెని లెక్కలోకే తీసుకోలేదు.

"ఓరి వీడి దుంపతెగ!" అని వదిన పగలబడి నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని. నవ్వుతూనే లేచి గోడ పట్టుకుని వంటింటి వైపు నడిచింది.

"ఎక్కడికి వదినా?"

"టీ పెట్టద్దూ? ఓడిపోయానుగా."

నేనూ ఓడిపోయాను కదా అనబోయి, లేవబోయి, టైలరమ్మ రెండూ మానేసి కూర్చుంది. లోపల డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఒక గిన్నె కింద పడింది. వదిన ఆ గిన్నెనీ ఆ రచయితనీ కలిపి తిట్టింది. చాలాసేపటికి రెండు గ్లాసులు వచ్చాయి, ఒకటి నిండుగా, ఒకటి సగానికి.

"ఎలా ఉంది?"

టైలరమ్మ ఒక గుక్క తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చక్కెర వెయ్యలేదు వదినా."

వదిన మొహం వెలిగిపోయింది.

"అలా చెప్పు!" అని తన గ్లాసు కోసం చెయ్యి చాపింది.