ఆఖరి బస్సుకు ముందు మామ కథ

పోయిన నెల ఒక పెళ్ళికని మోత్కూరు వెళ్ళి, తిరుగు ప్రయాణానికి బస్టాండులో కూర్చున్నాను. ఒక పెద్దావిడ సంచీ పట్టుకుని ఆయాసపడుతూ వస్తూనే ఉంది, బస్సు కదిలిపోయింది. "జర ఆగితే ఏం పోతుండె వానిది" అని ఆవిడ నా పక్కన కూలబడి తిట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. ఆవిడ అవస్థ చూసి కాదు. ఇదే ఊళ్ళో ఒకప్పుడు ఆఖరి బస్సు ఒక కథ కోసం ఆగేది. చెప్పినా నమ్మదని ఊరుకున్నాను.

ఆ కథలు మా మేనమామవి. ఎనభైల్లో నాకు టీచరు ఉద్యోగం మోత్కూరులో వచ్చింది. కిరాయి ఇల్లు చూసుకుంటానంటే వినకుండా మామ నన్ను తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ముందు బట్టల షాపు, వెనక ఇల్లు, షాపు మీద ఒక పొడుగాటి గది. ప్రతినెలా మొదటి ఆదివారం ఆ గదిలో సాహిత్య సభ. నల్గొండ, చిట్యాల, రామన్నపేటల నుంచి కవులు వచ్చేవారు. ఒగ్గుకథ చెప్పేవాళ్ళు, చిందు భాగోతం ఆడేవాళ్ళు ఊళ్ళోకి వస్తే వాళ్ళూ మెట్లెక్కవలసిందే. ఎవరొచ్చినా అత్తమ్మ చేసిన సర్వపిండి తినాలి, చాయ్ తాగాలి, మామ భుజాన కప్పిన తువ్వాలతో దిగిపోవాలి. భాగోతం వాళ్ళకు వేషాల బట్ట కూడా మామే ఇచ్చేవాడు. ఒక ఏడు మా బడి ఆఫీసు గది కర్టెన్లూ, రావణాసురుడి అంగీ ఒకే తానులోంచి వచ్చాయి. భాగోతం చూడబోయిన మా హెడ్మాస్టరు ఆ సంగతి గుర్తుపట్టి, మర్నాడు రోజంతా నా మీద గుర్రుగా ఉన్నాడు.

మామ బాగా రాసేవాడు. పత్రికలకు పంపమంటే, "ముందుగాల మనోళ్ళు ఇననియ్యి, గప్పుడు పంపుత" అనేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. వచ్చినవాళ్ళందరూ చదివాకే ఇంటివాడు చదవాలని ఆయన పట్టుదల. వచ్చినవాళ్ళు కవులాయె. ఒక్కటే చదువుతానని లేచిన మనిషి సంచీ ఖాళీ అయ్యేదాకా కూర్చునేవాడు కాదు. అందరిదీ అయ్యాక మామ కళ్ళద్దాలు తుడుచుకుని, కాగితాలు సర్దుకుని, కథను సగానికి తెచ్చేసరికి కింద ఆఖరి ఎర్రబస్సు హారన్ మోగేది. ఒకరి వెనక ఒకరు నమస్కారాలు పెడుతూ, చెప్పులు వెతుక్కుంటూ దిగిపోయేవారు. "మల్ల నెలకు సదువుత తియ్యి" అనేవాడు మామ. మళ్ళీ నెలకు కొత్త కథ రాసేవాడు, అదీ సగంలోనే ఆగేది. "మీ మామ కతలన్నిటికీ ఆఖరు ఇన్నదాన్ని నేనొక్కదాన్నే. అది గూడ గిన్నెలు తోముకుంట" అనేది అత్తమ్మ.

సభకు క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళలో నల్గొండ కాలేజీలో పాఠాలు చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. మంచివాడే. మామ మీద అభిమానంతో ఒక చిన్న పత్రికలో వ్యాసం రాశాడు. కథను కావాలనే మధ్యలో వదిలేసి, ముగింపును వినేవాళ్ళ ఊహకే అప్పజెప్పడం ఈయన ప్రత్యేకత అని అందులో తెగ మెచ్చుకున్నాడు. అత్తమ్మా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. మామ నవ్వలేదు. పత్రిక మడిచి గల్లాపెట్టె పక్కన పెట్టి, "ఇగ రాసుడు బంద్ జేస్త బిడ్డా. ఆఖరుదాక ఇనేటోళ్ళు లేకుంటే చెయ్యి సాగుతలేదు" అన్నాడు.

"ఒక్కసారి నువ్వే ముందుగాల సదువరాదు మామా" అన్నాను.

"ఇంటికొచ్చినోళ్ళను కూసోవెట్టి నా సోది నేను ఇనిపిస్తనా? గదేం పద్ధతి" అన్నాడు. వచ్చే ఆదివారం చదవబోయేదే చివరి కథ అని అత్తమ్మకు కూడా చెప్పేశాడు. నాకు దిగులు పట్టుకుంది. రాయడం మానేసిన మామను ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ వాన. సాయంత్రం బస్సు వచ్చింది గానీ, తిరిగి వెళ్ళే దారిలో వాగు రోడ్డెక్కి పారుతోందని తెలిసి షాపు ముందే నిలిపేశారు. మామ గొడుగేసుకుని వెళ్ళి డ్రైవరునూ కండక్టరునూ పైకి పిలుచుకొచ్చాడు. డ్రైవరు చిట్యాలలో ఉండే సాయిబు, నెరిసిన గడ్డం మనిషి. ఇన్నాళ్ళూ కింద హారన్ కొట్టింది ఈయనే. సర్వపిండి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గోడకానుకున్నాడు. మామ కళ్ళద్దాలు పెట్టుకోగానే కాలేజీ సారు అలవాటుకొద్దీ చెప్పుల కోసం లేచి, కిటికీలోంచి వాన చూసి మళ్ళీ కూర్చున్నాడు.

కథలో ఒక ముసలాయన రోజూ బట్టల షాపుకొచ్చి, ఒకే ఆకుపచ్చ పట్టుచీర విప్పించుకుని, భార్య కోసమని చూసుకుని వెళ్ళిపోతుంటాడు. ఇంకెవరడిగినా అది అమ్ముడుపోయిందని చెప్పి షావుకారు దాన్ని దాచి ఉంచుతాడు. చివరికి ఒకనాడు ముసలాయన భార్యను వెంటబెట్టుకుని షాపు మెట్లెక్కుతాడు. సరిగ్గా అక్కడ, కిందికి వెళ్ళి కనుక్కుని వచ్చిన కండక్టరు తలుపులో నిలబడి, "వాగు తగ్గిందంట, పోదాం పాండ్రి" అన్నాడు. గదంతా లేచింది. మామ కాగితాలు దించేశాడు. ఆయన ముఖం వైపు నేను చూడలేకపోయాను.

డ్రైవరు మాత్రం లేవలేదు. "కూసోండ్రి," అన్నాడు. "గా ముసలాయన చీర కొన్నడా లేదా తెల్వకుంట బండి నడుపుడు నాతోని గాదు. సదువుండ్రి సేటూ."

డ్రైవరు లేకుండా బస్సు కదలదు కదా, అందరూ కూర్చున్నారు. మామ చదివాడు. ముసలాయన భార్య పట్టుచీరను తడిమి చూసి, ఈ రంగు నాకొద్దని, పక్కనున్న నేతచీర తీసుకుని వెళ్ళిపోతుంది. మర్నాడు ముసలాయన మళ్ళీ వచ్చి, ఆ ఆకుపచ్చ చీరే విప్పమంటాడు. గదంతా నవ్వింది. డ్రైవరు మాత్రం మెడలోని తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. కాలేజీ సారు మెల్లగా, "మీ కథలకు ఆఖరు ఉంటదని నాకు తెల్వనే తెల్వది" అన్నాడు.

"ఉంటది సార్, బస్సు పోయినంక" అన్నాడు మామ.

రాయడం మానే మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ నెల నుంచి డ్రైవరు సభ రోజున షాపు ముందు బస్సు ఆపి, హారన్ కొట్టకుండా పైకొచ్చి తన గోడ దగ్గర కూర్చునేవాడు. మొదట సణిగిన ప్రయాణికుల్లోనూ ఒకరిద్దరు ఆయన వెనకే రాసాగారు. సాయిబు రిటైరయ్యాక కూడా అదే బస్సులో ప్రయాణికుడిగా వచ్చి, కొత్త డ్రైవరును చెయ్యి పట్టుకుని పైకి తెచ్చేవాడు. తొంభైల చివర్లో మామ కన్నుమూసేదాకా ఆయన కథ ఏదీ సగంలో ఆగలేదు.

పెద్దావిడకు ఇంకో బస్సు వచ్చింది. సంచీ అందించి ఎక్కించాను. మా ఆదివారాల బస్సులన్నీ ఆలస్యమయ్యాయని అప్పట్లో ఎవరో ఎక్కడో రాసుకునే ఉంటారు. నా వరకు మాత్రం, సరిగ్గా టైముకు బయల్దేరిన బస్సులు అవే.