తాడు పట్టిన పిల్ల

మా పక్కింటి పిల్ల పోయింది. మా దీవులు దాటి మెయిన్‌లాండ్‌లో చదువుతూ, ఫీజుల మీద మొదలై అక్కడి ఊరంతా పాకిన విద్యార్థుల తిరుగుబాటులో, తూటా తగిలి పోయింది. వాళ్ళమ్మ ఫోనుకి కబురొచ్చినప్పుడు నేను గోడకు ఇవతల పేపరు చదువుకుంటున్నాను. ఆమె కేక విన్నాక ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేకపోయింది.

మర్నాడే మా కాలనీ సంఘం అధ్యక్షుడు దిగాడు. సంఘం హాల్లో పిల్ల పటం పెడతాడట, కింద నేను నాలుగు ముక్కలు రాసివ్వాలట. "ప్రమాదంలో మరణించిందని పెట్టండి మాస్టారూ. సర్కారీ నౌకరీలు చేసుకునేవాళ్ళం, లఫ్డా ఎందుకు?" అన్నాడు. నిరుడు సెలవుల్లో ఆ పిల్ల మీటింగు పెట్టుకుంటానంటే, అదే హాలుకి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని డిగ్లీపూర్ పెళ్ళికి పోయిన మనిషి ఈయన. మీటింగు చేపలారబెట్టే ఇసుకలో జరిగింది. ఇవన్నీ పటం కింద పట్టవు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆ పిల్ల తెలుగు కూడబలుక్కుని చదివేది. అయినా నా పుస్తకాలే కావాలనేది. పేజీల మధ్య చేప పొలుసులతో తిరిగిచ్చేది. నేను తిడితే, "కితాబులకి కూడా సముద్రం సూపించాల గదా తాతా" అనేది.

మా ఒడ్డున ఒక పద్ధతుంది. పెద్దవల లాగేటప్పుడు దారినపోయేవాడు తాడు పట్టినా వాటా ఇస్తారు. నడవడం వచ్చిన దగ్గర్నుంచి ఈ పిల్ల తాడు వదల్లేదు.

పోయిన నెల ఫోనులో కోప్పడ్డాను. "నీకు స్కాలర్‌షిప్పు ఉంది. ఫీజు పెరిగితే నీకేం?"

"మన వలైతేనే తాడు పడతామేటి? ఇన్ని సదివీసి అదేటి తాతా, ఆ అడగడం?" అంది. ఆనక నవ్వి, "ఇదంతా అమ్మకి సెప్పకు. ఎండుచేపలు పంపమను. రూములో అందరం తినీసినాం" అంది.

నేను పుస్తకాల్లో చాలా విప్లవాలు చూశాను. ఎండుచేపలు అడిగిన విప్లవం ఇదొక్కటే.

అధ్యక్షుడికి కుదరదన్నాను. ఆయన ఆగలేదు. తండ్రి సరేనంటే చాలని, నిన్న పొద్దున ఒడ్డుకే వెళ్ళాడు. వెనక నేనూ వెళ్ళాను. కర్మకాండలు ముగిశాక మొదటిసారి వలకొచ్చిన తండ్రి, ఇసుక మీద వాటాలు వేస్తున్నాడు. అందరూ ఎవరిది వాళ్ళు ఎత్తుకున్నారు. ఒక కుప్ప మిగిలింది.

"ఇదెవరిది భయ్యా?" అన్నాడు అధ్యక్షుడు, మాట కలపడానికి.

"మా పాపదండి. అక్కడ తాడు పట్టింది గదా. మీరు పెమాదమని రాయకండి, బాబూ."

అధ్యక్షుడు చెప్పులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ కుప్పను ఎవరూ ముట్టలేదు. కాకులు వాలబోతే వాళ్ళమ్మ కొంగుతో తోలింది. పోటెత్తి నీళ్ళు పైకొచ్చేదాకా, ఒక్కొక్క చేపా కదిలి సముద్రంలోకి జారేదాకా, ఆమె అక్కడే కూర్చుంది.