ఎర్ర గీత పెట్టిన బండ

1998 ఫిబ్రవరి. అప్పటికి సర్వే కార్యాలయంలో టెక్నికల్ అసిస్టెంటుగా నాకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. మాదాపూర్‌లో పెద్ద కట్టడాలు లేస్తున్నాయి. నానక్‌రామ్‌గూడ మాత్రం ఇంకా బండల మధ్య ఊరే. విదేశంలో జియోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఎస్తేరు అనే మూసాపేట అమ్మాయికి కొలతల్లో సాయంగా నన్ను అక్కడికి పంపారు. గట్టి రాతి కింద పగుళ్లు ఎటు పోతున్నాయో, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తేల్చడం ఆమె పరిశోధన.

మా పరికరం గ్రావిమీటర్. భూమి లాగే బలంలో అతిచిన్న తేడాలను చూపుతుంది. కింద రాయి పగిలి ఉంటే రీడింగు కాస్త తగ్గుతుంది. అయితే లోపలి స్ప్రింగు సాగుతుంది గనక రీడింగు రోజంతా తనంతట తానే కొంచెం కొంచెం మారుతుంటుంది. అందుకే రోజుకు మూడుసార్లు ఒకే చోటికి తిరిగొచ్చి కొలవాలి. దాన్ని బేస్ స్టేషన్ అంటాం. ఒక చదునైన బండను బేస్‌గా ఎంచి, గుర్తుకు ఎర్ర రంగుతో గీత పెట్టించింది నేనే.

పక్కనున్న కల్వర్టు మీద కూడా పొద్దున, సాయంత్రం ఒక్కో రీడింగు తీయడం నా అలవాటు. రెండు రోజులు తీశాను.

“మేడమ్, రోజుకు నలభై నిమిషాలు కల్వర్టుకే పోతున్నాయి. మా ప్రొఫెసర్ కూడా ఇన్ని అడగలేదు,” అంది ఎస్తేరు. మూడో రోజు నుంచి మానేశాను.

మొత్తం 72 చోట్లు, రోజుకు ఎనిమిది. ఆరు రోజుల్లో 48 అయ్యాయి. ఏడో రోజు పొద్దున చూస్తే బండ లేదు. రాళ్లు కొట్టే ఎల్లయ్య, అతని భార్య ముక్కలు కుప్ప పోస్తున్నారు.

“ఎందుకు పగలగొట్టావయ్యా?”

“ఎర్ర గీత ఉంది గదమ్మా. మేస్త్రీ గీత పెట్టిన బండనే కొడ్తం. ఈడ గిదే లెక్క.”

“బొట్టు పెట్టి పోయిన్రు,” అంది అతని భార్య. “ఎవరిదని ఎవర్ని అడగాలె?”

ఎస్తేరు అక్కడే కూర్చుండిపోయింది. బేస్ లేకపోతే కొత్త రీడింగులు పాతవాటితో కలవవు. 48 మళ్లీ తీయాలంటే ఆరు రోజులు. ఆమె విమానానికి నాలుగు రోజులే. “నా రెండేళ్ల పని మేడమ్,” అంది మెల్లగా.

నోటుబుక్కు తీశాను. మొదటి రెండు రోజుల్లో బండకూ కల్వర్టుకూ మధ్య తేడాలు నాలుగు ఉన్నాయి. స్ప్రింగు సాగడం వల్ల వచ్చిన మార్పును తీసేసి ఆమె చేతే లెక్క వేయించాను. నాలుగూ దాదాపు ఒకటే. ఇక కల్వర్టే బేస్. ఆ తేడా కలిపితే పాతవీ కొత్తవీ ఒక లెక్కలోకొస్తాయి.

“నేను వద్దన్నాను కదా మేడమ్,” అంది, తల ఎత్తకుండా.

“గీత పెట్టించింది నేనమ్మా. ఇద్దరి తప్పూ రాసుకో.”

మిగిలిన 24 మూడు రోజుల్లో పూర్తి చేశాం. చివరి సాయంత్రం ఎల్లయ్య వచ్చి, కల్వర్టు వైపు చూపిస్తూ, “మోరీకి గీత పెడ్తలేరా అమ్మా?” అన్నాడు.

“పెట్టం.”

“మంచిది. లేకుంటె ఊర్లకు వచ్చే తొవ్వ పోతుండె.”

ఎస్తేరు అప్పుడు నవ్వింది, బండ పోయాక మొదటిసారి.

మరుసటి ఏడాది ఆమె తన థీసిస్‌లోని ఒక పేజీ పంపింది. ఏడో రోజు బేస్ ఎలా పోయిందో, తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా రాసింది. ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఏ ఊరికి వెళ్లినా, రంగు డబ్బా మూత తీసేముందు అక్కడ రాళ్లు కొట్టేవాళ్లను వెతికి ఒకటే అడిగాను: ఇక్కడ ఎర్ర గీత పెడితే మీరేం చేస్తారు?