మలుపు దగ్గర ఆగని లారీ

మా అన్న పోయిన నెల గద్వాల దవాఖానలో చనిపోయాడు. వనపర్తిలో నా కుట్టు దుకాణం పక్కన ఎస్టీడీ బూత్ నడిపే ఆయన వచ్చి, గడప బయటే నిలబడి, "అక్కా, గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. మీ అన్న..." అని ఆగిపోయాడు. నేను మిషను తొక్కడం ఆపలేదు. లేస్తే ఆ మాట నిజమైపోతుందేమో అనిపించింది. చేతిలో ఉన్న జాకెట్టు పూర్తి చేసే లేచాను. తర్వాత చూస్తే ఒక చేయి తిరగేసి కుట్టాను.

అన్న పోయిన సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. ఒకప్పుడు ఇల్లిల్లూ గుర్తుపట్టిన మనిషి. పొగడడానికి రాయడం లేదు. ఎనిమిదేళ్లుగా ఆయనతో కొట్లాడుతూనే ఉన్నాను, ఆ కొట్లాట నాలో ఇంకా సల్లారలేదు. కానీ ఆయన గురించి రాయడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఆయన పెళ్లి కూడా చేసుకోలేదు.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. ఇరవై ఏళ్లు వచ్చేదాకా అన్న మగ్గం గుంతలో కూర్చున్నాడు. నాటకాల పిచ్చి పట్టి హైదరాబాద్ పోయాడు. కొన్నేళ్లపాటు ఎక్కడ తిన్నాడో ఎక్కడ పడుకున్నాడో మాకు తెలియదు. తర్వాత ఒకరోజు టీవీలో కనబడ్డాడు. వారం వారం వచ్చే సీరియల్లో పట్వారి వేషం. పేదల భూములు తన పేరున రాయించుకునే దుర్మార్గుడు. మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. అమ్మ అందరికంటే ముందు కూర్చునేది. చుట్టూ ఉన్నవాళ్లు పట్వారిని తిడుతుంటే వెనక్కి తిరిగి, "వాడు గసుంటోడు కాదు. వాళ్లు గట్ల చెయ్యమంటే చేస్తుండు" అని ఒక్కొక్కరికీ సంజాయిషీ చెప్పుకునేది.

ఒకసారి గోపాల్‌పేట బస్సులో ఒక ముసలాయన అన్న చొక్కా పట్టుకుని, "నా రెండెకరాలు ఏం చేసినవ్ రా" అన్నాడట. మేమంతా పడీపడీ నవ్వాం. అన్న నవ్వలేదు. "ఆయన భూమి నిజంగనే పోయింది చెల్లె. నేను ఊకె వేషంల మాటలు అప్పజెప్పి లేసి వచ్చిన" అన్నాడు. వేషాల మీద ఆయన మనసు విరిగింది అప్పుడేనని నా అనుమానం. ఆ తర్వాత నుంచి సినిమా తీస్తానని మొదలుపెట్టాడు.

పాలమూరు లేబరు మీద సినిమా. మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏటా కోతలు అయిపోగానే మేస్త్రీలు లారీలు వేసుకుని వస్తారు. మొగుడూ పెళ్లాలను ఎక్కించుకుని కాలువలు తవ్వడానికి, కట్టలు పొయ్యడానికి ఎక్కడెక్కడికో తీసుకుపోతారు. లింగాల అవతల ఒక ఊళ్లో షూటింగ్ పెట్టుకున్నాడు. కెమెరా, కెమెరా మనిషి హైదరాబాద్ నుంచి వచ్చారు. నటులంతా ఆ ఊరి కూలీలే. ఎవరిని ఎంచుకోవాలన్నా "ముఖం తర్వాత చూడొచ్చు, ముందుగాల చేతులు చూడాలె" అనేవాడు. మగ్గం మీద పెరిగినవాడు, ఆయన చూపు అట్లాగే ఉండేది. నన్ను దుకాణం మూయించి బట్టలు చూసుకొమ్మన్నాడు. కొత్త బట్ట ఒక్కటి కనబడినా నా మీద కేకలేసేవాడు.

అట్లా చేతులు చూసి ఎంచుకున్న మనిషే చెన్నమ్మ. ఆమెకు ఎనిమిది నెలల ఆడపిల్ల. చంటిపిల్ల ఉందని ఆ యేడు ఆమె పనికి పోవడం లేదు, మొగుడు మాత్రం పోతున్నాడు. అన్నీ బాగా చేసేది గానీ ఏడుపు మాత్రం వచ్చేది కాదు. "ఏడుపు ఎట్లొస్తదన్నా, నా మొగడు ఈడనే నిలబడి నన్ను చూస్తుండు గద" అని పకపకా నవ్వేది.

జనం లారీ ఎక్కే సీను మిగిలింది. కిరాయికి లారీ తెద్దామని నేను మొత్తుకున్నాను. అన్న వినలేదు. "నిజం లారీ వస్తుంటే అబద్ధం లారీ ఎందుకు? కెమెరా ముందు అబద్ధం నిలువది చెల్లె" అన్నాడు. మేస్త్రీతో తానే మాట్లాడాడు. చెన్నమ్మ అందరితో పాటు ఎక్కాలి, మలుపు దగ్గర లారీ ఆపాలి, ఆమె దిగి నడుచుకుంటూ వెనక్కి రావాలి. "గట్లనే సారూ, మీ సినిమాకు మేమెందుకు అడ్డమొస్తం" అన్నాడు మేస్త్రీ చేతులు కట్టుకుని.

మేస్త్రీ దగ్గర లెక్క మనుషులది కాదు, జోడీలది. తవ్వేవాడు ఒకడు, మట్టి మోసే ఆమె ఒకతె. చెన్నమ్మ మొగుడితో జోడీగా పోవలసింది అతని చెల్లెలు. ఆ పిల్ల నాలుగు రోజుల ముందు జ్వరంతో మంచం పట్టింది. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు. దాని అర్థం ఏమిటో మాకే తట్టలేదు.

ఎండ పడకముందే లారీ వచ్చింది. చెన్నమ్మ పాపను నా చేతుల్లో పెట్టి, "జర పట్టుకో అక్కా, మలుపు దాక పోయొస్త. పాలు తాగింది, ఏడ్వది" అంది. అన్న ఆమెకు చివరిసారి చెప్పాడు. "గట్టిగ ఏడువు చెన్నమ్మా. బిడ్డను ఇడిసిపెట్టి పోతున్నట్టు ఏడువు."

లారీ కదిలింది. చెన్నమ్మ మా వైపు తిరిగి ఏడుపు మొదలుపెట్టింది, ఎప్పటిలాగే కొంచెం నవ్వొచ్చే ఏడుపు. మలుపు దగ్గర పడుతుంటే లారీ నిదానం కాలేదు, వేగం అందుకుంది. ఆమె వెనక చెక్కను రెండు చేతులతో బాదుతూ "ఆపుండ్రి, నా బిడ్డ, నా బిడ్డ" అని అరిచింది. మొగుడు ఆమెను దూకకుండా నడుము పట్టుకుని ఆపుతున్నాడు. కెమెరా మనిషి అన్న ముఖం చూశాడు. అన్న "ఆపకు, తియ్" అన్నాడు. మా చుట్టూ నిలబడ్డ వాళ్లు, అబ్బ ఎంత బాగ చేస్తుంది అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పాప రెండు చేతులూ పట్టుకుని చప్పట్లు కొట్టించాను.

లారీ మలుపు తిరిగింది. ఆమె నడిచి వస్తుందని మేము ఎదురు చూశాం. దుమ్ము అణిగిపోయింది. రోడ్డు మీద ఎవరూ రాలేదు. అన్న చెప్పులు అక్కడే విడిచి పరుగెత్తాడు.

ఆ పూటే ఒక పోలీసు ఠాణాకు పోయాం. అక్కడ కూర్చున్నాయన అంతా విని, "ఆమెనే ఎక్కింది గదా. బలవంతంగ ఎక్కిచ్చిన్రని ఎట్లంటరు? మీ సినిమాలనే ఉంటది, చూస్కోండ్రి" అన్నాడు. అన్న లేచి బయటికి వచ్చాడు. కెమెరా మనిషిని వాపసు పంపించి, కట్టుబట్టలతో కృష్ణ దాటి రాయచూరు వైపు పోయాడు. లారీ ఎక్కడికి పోయిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరు ఒక కాలువ పేరు చెప్తే ఇంకొకరు ఇంకొకటి చెప్పారు.

పాప నా దగ్గర మిగిలింది, నేను ఆ ఊళ్లోనే ఉండిపోయాను. మొదటి రోజు మేకపాలు కక్కేసింది. పక్కింట్లో ఒక బాలింత పూటకొకసారి పాలిచ్చేది గానీ ఆమె బిడ్డకే చాలేవి కావు. వారం తిరిగేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. నాగర్‌కర్నూల్ దవాఖానకు ఎత్తుకుపోయాను. చేతికి నరం దొరక్క తలకు సూది పెట్టి సీసా ఎక్కించారు. డాక్టరమ్మ "తల్లేది" అని అడిగింది. సినిమా షూటింగ్‌లో పోయిందని ఎట్లా చెప్పను? ఆ పిల్ల ఏడవడం కూడా మానేసింది. నోరు తెరిచేది, చప్పుడు వచ్చేది కాదు. ఆ రోజు అన్న ఎదురుగా కనబడి ఉంటే చెప్పుతో కొట్టేదాన్ని. దేవుడా, ఈ పిల్లను బతికించు, ఇంకేమీ అడగను అనుకున్నాను. అది తప్ప నాకు వేరే ఆలోచన లేదు.

దవాఖాన నుంచి వచ్చాక రోజూ మధ్యాహ్నం పాపను భుజాన వేసుకుని బస్సు ఆగే చోట నిలబడేదాన్ని. వచ్చిన ప్రతి బస్సూ ఖాళీ అయ్యేదాకా చూసేదాన్ని. పందొమ్మిదో రోజు చెన్నమ్మ దిగింది, ఒక్కతే. పాపను అందుకుంది. పాప ఆమెను గుర్తుపట్టలేదు, నా కొంగు వదల్లేదు. రొమ్ముకు పెట్టుకుంటే పాలు లేవు. రోడ్డు పక్కనే కూలబడి, పిల్లను ఒళ్లో వేసుకుని, ఆమె అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది.

ఆమె కళ్లు తుడుచుకున్నాక నేను "అన్న ఏడి" అని అడిగాను.

"ఆడనే ఉన్నడక్కా. నన్ను ఇడిస్తె జోడీ తెగుతది, ఇడువనన్నడు మేస్త్రీ. కాళ్లు గూడ పట్టుకున్నడు మీ అన్న. ఇనలె. అయితె ఆమె బదులు నేనుంట అని నా నెత్తి మీది తట్ట తీసి తన నెత్తి మీద పెట్టుకున్నడు."

నాలుగు నెలలకు, వానలు పడే ముందు, అన్న తిరిగి వచ్చాడు. వెంట్రుకలు అరిగిపోయి నడినెత్తి నున్నగా అయింది. అప్పటికి పాప కోలుకుంది, గోడ పట్టుకుని నిలబడుతోంది. ఎత్తుకొమ్మని చెన్నమ్మ చెప్పినా ఆయన చేతులు చాపలేదు. దూరంగా కూర్చుని చూసి లేచి వచ్చేశాడు. కాలువ దగ్గర ఎట్లా గడిచిందని ఎంత అడిగినా "పని ఉండె, చేసిన" అనేవాడు.

మరుసటి యేడు ఎట్లాగో సినిమా పూర్తి చేశాడు. లారీ సీను మాత్రం పెట్టలేదు. మొత్తం సినిమాకు అదే ప్రాణమని, తీసెయ్యొద్దని ఎడిటింగ్ చేసినాయన బతిమాలాడు. నేనూ చెప్పాను. అన్న నా ముఖంలోకి చూశాడు. "అది నటన కాదు చెల్లె. ఆమె బిడ్డ కోసం మొత్తుకుంటుంటే మనం చూసుకుంట సంబురపడ్డం. ఇగ ఊరోళ్లను గూడ సంబురపడమందునా?"

ఆ సీను లేక సినిమా మధ్యలో గుంత పడ్డట్టయింది. రెండు మూడు చోట్ల ఆడింది. ఆమె ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది, అర్థం కాలేదంటూ జనం లేచిపోయారు. తర్వాత ఎవరూ ఆయన్ని పిలవలేదు. టీవీ వాళ్లూ మరిచిపోయారు. గద్వాలలో మళ్లీ మగ్గం గుంతలోకి దిగాడు. దగ్గు పట్టుకుంది. నేను గద్వాల పోయినప్పుడల్లా ఆయన్ని సాధించేదాన్ని. హైదరాబాద్ పోయి ఒక చిన్న వేషమైనా అడగరాదా అనేదాన్ని. "వేషాలు ఇగ చాలు" అనేవాడు, పోగు ముడి వేసుకుంటూ. నా మాట విని కిరాయి లారీ తెచ్చి ఉంటే అని మొదలుపెడితే వినేవాడు. పూర్తిగా వినేవాడు. ఆ రోజు నేను పాప చేతులతో చప్పట్లు కొట్టించడం ఆయన చూశాడు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. తప్పంతా తన మీదే వేసుకున్నాడు, నేను వేయనిచ్చాను. అందుకు ఆయనకు దండం పెట్టవలసింది ఆయన ఉండగానే. పెట్టలేదు.

దినాల నాడు చెన్నమ్మ, మొగుడు, బిడ్డ గద్వాల వచ్చారు. బిడ్డ ఇప్పుడు మూడో తరగతి. చెన్నమ్మ వంట దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటే, ఆమె మొగుడు అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. ఆ నాలుగు నెలలూ అన్నతో జోడీగా తవ్వినవాడు అతనే. చెప్పాలా వద్దా అన్నట్టు మొదలుపెట్టాడు.

"మేస్త్రీ బుక్కుల పేరు మార్చలేదక్కా. మీ అన్న రెండు మూడు సార్లు అడిగిండు, నా పేరు రాసుకొమ్మని. మార్చనన్నడు. పొద్దుగాల హాజరు తీస్కునేటప్పుడు కావాల్నని గట్టిగ పిలుస్తుండె. మొదట్ల అందరు నవ్విన్రు. తర్వాత నవ్వుడు బంద్ చేసిన్రు, మేస్త్రీ ఒక్కడే నవ్వుతుండె."

"ఏమని పిలిచేవాడు?"

"చెన్నమ్మా, అని. మీ అన్న ఆడోళ్ల వరుసల నిలబడి, తట్ట చంకల పెట్టుకొని, 'ఉన్న' అంటుండె. నాలుగు నెలలు, ఒక్క పొద్దు తప్పకుంట."