కట్టు కింది గులాబి

మా వదినకు కోపం రాదు. ఇంటికి కావాల్సిన కోపమంత దేవుడు నాకే ఇచ్చిండు. వదినంటే మా ఆయనకు అక్క. పెండ్లి చేసుకోలేదు. మెదక్‌ల చర్చి వాళ్ళ కుట్టు బడిల ఆడపిల్లలకు మిషన్ నేర్పుతుండె. ఆ బడి మూతవడ్డంక ఇంట్ల కూసుంటదనుకున్న. కూసుంటదా? మా మామ వదిలిపోయిన భూమి రామాయంపేట పోయే రోడ్డు మీద ఉన్నది, అక్కాతమ్ముళ్ళిద్దరిది. దాంట్ల ప్లాస్టిక్ గుడారం లేపి గులాబి తోట పెట్టింది. ఆ వయసుల నేనైతే మంచం కూడ జరుపుకోకపోదును.

గులాబీలంటే జడల పెట్టుకునేటియి కావు. బారెడు కాడ, పిడికిలంత మొగ్గ, డచ్ గులాబీలంటరు. స్టేజీలకు, బొకేలకు పోతయి. మొగ్గ పట్టంగనే దానికి తెల్ల జాలి టోపీ తొడగాలె. లేకుంటే రెక్కలు విచ్చుకుంటయి, విచ్చుకున్నదాన్ని మార్కెట్ల ఎవరు ముట్టరు. టోపీలు దుకాణంల దొరుకుతయి. మా వదిన పాత దోమతెరలు కోసి తనే కుట్టింది, ఒక్కొక్క దానికి లోపల సన్న లాస్టిక్ ఏసి. పొద్దుగాల తోటలకు పోతే, టోపీలు పెట్టుకోని ప్రార్థనకు నిలవడ్డ బడి పిల్లల లెక్క ఉండేటియి. నేను ముచ్చట చెప్తనే ఉంటుంటి, ఆమె తొడుగుతనే ఉంటుండె.

ఇంకో పని ఉండె. ఈ పెద్ద గులాబి తన కాళ్ళ మీద నిలవడదు. అడుగున నాటు గులాబి మొద్దు ఉంటది, దాని మీద దీన్ని అంటు కడ్తరు. అంటు కట్టిన కాడ ముడి లెక్క ఉబ్బుతది, మేం దాన్ని కట్టు అనేది. కట్టు కింద నుంచి నాటుది చిగురు లేస్తే ఎంబడే తుంచి పారెయ్యాలె, లేకుంటే పైదాని బలమంత అదే గుంజుకుంటది. తుంచి తుంచి నా గోర్లు పచ్చవడ్డయి.

పూలు కొన్ని నర్సాపూర్ మీదికెళ్ళి బస్సుల హైదరాబాద్ పోతుండె. కొన్ని మా ఊర్ల ఫంక్షన్ హాళ్ళ స్టేజీలు అలంకరించే ఆయన తీసుకుంటుండె. ఆదివారం వచ్చిందంటే చర్చిల బల్ల మీదికి వదిన గులాబీలే. గట్ల మంచిగ నడుస్తుంటే, ఒకనాడు హైదరాబాద్‌ల మా సరుకు అమ్మిపెట్టే ఆయన ఫోన్ చేసిండు. "అక్కా, బయటి దేశం పూల మీది పన్ను ఎత్తేసిండ్రు. ఇగ మనకు కష్టమే" అన్నడు.

ఏం పన్నో నాకు అర్థం కాలే. వదినే నిమ్మలంగ చెప్పింది. బయటోళ్ళు పూలను మరీ సస్తాగ తెచ్చి మన మార్కెట్ల కుమ్మరిస్తుంటే, ఇక్కడి రైతులు మునుగుతరని సర్కారు వాటి మీద పన్ను ఎక్కువేసి ఆపిందట. ఇప్పుడు అవసరం లేదని తీసేసిందట. ఆ పన్ను ఉన్నన్ని దినాలు అదొకటి ఉన్నదనే మాకు ఎరుక లేదు. పోయినంక తెలిసింది, దాని నీడల బతికినమని.

తెల్లారి స్టేజీల ఆయన దుకాణానికి పోతే, అప్పటికే బయటి దేశం పూల డబ్బాలు దిగినయి. ఆయన మా మొహం చూడలేక, "ఏమనుకోకుండ్రి అక్కా. పెండ్లోళ్ళు ఫోన్ల ఫోటో చూపెట్టి గిసుంటియే కావాలంటుండ్రు" అన్నడు. వదిన ఒక గులాబి చేతిలకు తీసుకున్నది. తిప్పి తిప్పి చూసింది. కాడ మీద వేలు నడిపింది. ఆకులు చూసింది, ఒక్క మచ్చ లేదు.

"అబ్బ! ఎవరు పెంచిండ్రో గని, చెయ్యి మంచిది" అన్నది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పొరుగింటి పుల్లకూర రుచి! మన పొట్ట కొట్టేదాన్ని మెచ్చుకునుడేంది వదినా? దాని మొహం మండ!" అని అక్కడనే లొల్లి పెట్టిన.

"పువ్వేం పాపం చేసింది పిల్లా? అక్కడ కూడ ఎవరో ఒకామె పొద్దుగాల లేచి దీనికి టోపీ తొడిగే ఉంటది" అని, ఆ గులాబిని ఎట్లున్నదట్ల డబ్బాల పెట్టి బయటికి నడిచింది. గసుంటి మనిషిని ఏం జెయ్యాలె?

గోరుచుట్టు మీద రోకటి పోటు లెక్క, అదే వారం రోడ్డు మీది భూమిని గోదాంకు కిరాయికియ్యమని ఒకాయన మా ఆయన్ని అడిగిండు. మా ఆయనది మోటర్లు బాగుచేసే దుకాణం, పనిరాని మిషన్ని ఒక్క దినం కూడ ముంగట ఉంచుకునే రకం కాదు. అయినా అక్కంటే పాణం. "నువ్వు కష్టపడ్డది చాలక్కా. కిరాయి వస్తది, నిమ్మలంగ కూసో" అన్నడు.

వదిన చేతుల టోపీ కుడ్తనే ఉన్నది. "కోతపండుగ దాంక ఆగు తమ్మీ. ఆనాడు నా గంప చూడు. గంపల ఏం లేకుంటే నువ్వన్నట్టే గానీ" అన్నది.

కోతపండుగంటే మా చర్చి పండుగ. ఎవరు పండించింది వాళ్ళు దేవుని ముంగట పెడ్తరు, వడ్ల బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, ఏదైనా. ప్రార్థన అయినంక వాటిని కాంపౌండ్‌ల వేలం పాడ్తరు. చేతిల ఏం లేకుండ ఆనాడు ఎవరు రారు. వదిన ఎన్నడు ఉత్త చేతులతోని రాలేదు.

ఇప్పుడు ఖాలా ముచ్చట చెప్పాలె, ఖాలా అంటే ఉర్దూల చిన్నమ్మ. మా గల్లీ చివర ఉంటది, పెండ్లికొడుకులకు సెహ్రాలు కట్టే ముసలామె. సెహ్రా అంటే ముస్లింల పెండ్లిల పెండ్లికొడుకు మొహం మీదికి దిగేటి పూల తెర. ఖాలా కట్టిన సెహ్రా కోసం అల్లాదుర్గ్ నుంచి కూడ వస్తరు. మా గులాబీలను మాత్రం ఎన్నడు ముట్టలే. "చూసేటందుకు మస్తుగున్నయి బేటీ, గని వాసన ఏది? పెండ్లికొడుకు మొహానికి కాయిదాలు కట్టాల్నా?" అనేది. వాసన ఉండే నాటు గులాబీలు ఆమెకు ఎక్కడికెళ్ళో బస్సుల వచ్చేటియి, వచ్చేవరకు సగం వాడిపోయేటియి. ఆమె మార్కెటోళ్ళను తిట్టేది వింటుంటే నాకు పాణం లేచొచ్చేది.

ఒకనాడు నీళ్ళ టాంకీ ఎనుక, మా చేతికందని మూలకు వదిన వంగి చూసింది. అక్కడ ఒక చెట్టుకు కట్టు కింది కొమ్మ ఎప్పుడు లేచిందో ఏమో, ప్లాస్టిక్ చినిగిన సందులకెళ్ళి తల బయటికి పెట్టి పూసింది. చిన్న గులాబి, లేత రంగు, టోపీ లేదు ఏం లేదు, నిండ విచ్చుకున్నది. వదిన దాన్ని తెంపి దోసిట్ల పెట్టుకోని నడిచింది. నేను ఎనుకవడి పోయిన. సీద ఖాలా ఇంటికి.

ఖాలా ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూసుకున్నది. ఎంతసేపటికీ తెరువదు. నాకు బుగులైంది.

"యా అల్లా! నా పెండ్లి నాటి వాసన గిది. ఎక్కడికెళ్ళి తెచ్చినవ్ బేటీ?"

"మేం రోజు తుంచి పారేసేది ఖాలా" అన్నది వదిన.

తెల్లారి నేను తోటకు పోయేవరకు వదిన చేతిల రంపం ఉన్నది. వరసకు వరస కోస్తున్నది. కట్టు పైకి కోసి, పెద్ద గులాబి కొమ్మలను మొగ్గలతోని, టోపీలతోని కింద పడేస్తున్నది. కింది నాటు మొదళ్ళు మాత్రం మిగులుతున్నయి. ప్లాస్టిక్ కూడ ఒక పక్క గుంజేసింది. నేను కెవ్వుమన్న. "కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతది వదినా! దిమాక్ ఖరాబైందా?"

"ఉన్న నాలుక ఇప్పుడు ఎవరికి కావాలె పిల్లా?" అన్నది.

ఒడ్డు మీద కూలవడి ఏడ్చిన. సర్కారును తిట్టిన, స్టేజీల ఆయన్ని తిట్టిన, డబ్బాలు మోసుకొచ్చిన విమానాన్ని తిట్టిన. ఇగ తిట్టుటానికి ఎవరు మిగలకపోతే వదిననే తిట్టిన. ఆమె చెంబుల నీళ్ళు తెచ్చిచ్చింది. "అయిపోయిందా? అయితే ఆ కత్తెర అందుకో" అన్నది. అందుకున్న. ఏం జెయ్యాలె మరి?

మా ఆయన ఒక మాపు వచ్చి బండి ఆపి, మొదళ్ళను చూసి మర్లిపోయిండు. ఇంటికాడ అన్నం సరిగ తినలే. కొన్ని మొదళ్ళు ఎండి చచ్చినయి. కొన్ని చిగురు పెట్టి ఆగినయి. వదిన మొహంల మాత్రం పరేషాన్ కనవడలే. గోదాం ఆయన కబురు మీద కబురు పంపుతనే ఉన్నడు.

ఆ దినాలల్ల ఒక ఆదివారం చర్చికి పోతే, బల్ల మీద బారెడు కాడల గులాబీలున్నయి. తెల్లవోయిన. మా తోటల ఒక్క మొగ్గ లేకపాయె! అడిగితే, స్టేజీల ఆయన తాన ఆ బయటి దేశం గులాబీలను వదినే కొనుక్కొచ్చి పెట్టిందని తేలింది. పాట నడుస్తుంటే నేను ఆమె చెవిల గుస్సగ గొణిగిన, "నీకు రోషం లేదా?"

"నా తోట ఆగిందని దేవునికి పూలు ఆగుతయా? మంచి పువ్వు పిల్లా, మంచిదాన్ని మంచిదనాలె" అని పాటల కలిసింది. ఆ పొద్దు నేను ప్రార్థనల కండ్లు మూసుకోలే. ఆమెనే చూసిన. కోపం రాకపోవుడంటే మెత్తదనం అనుకునేదాన్ని. ఆమెది మెత్తదనం కానే కాదు. ఆమె ముంగట నా కోపమంత ఉత్త పొగ.

కట్టు కింది కొమ్మలు నడుమెత్తు లేచినంక ఒక పొద్దుగాల మొగ్గలు కనవడ్డయి. అలవాటు కొద్ది నేను టోపీల సంచి తీసుకపోయిన. వదిన పకపక నవ్వింది. "ఇయ్యి విచ్చుకునేటియి పిల్లా. టోపీలెందుకు?" అన్నది. దినాలు తిరిగి విచ్చుకున్నయి. ఖాలాకు ఇద్దామంటే, "మొదటి గంప దేవునిది పిల్లా" అన్నది. రోడ్డు మీద పోయేటోళ్ళు బండ్లు మెల్లగ చేసి తలకాయ తిప్పి చూస్తుండ్రి.

కోతపండుగ నాడు వదిన గంప నెత్తిన పెట్టుకోని చర్చికి వచ్చింది. తడిగుడ్డ కింద చిన్న గులాబీలు. వేలం మొదలైంది. గుమ్మడికాయలు పోయినయి, కోడిపుంజు తప్పించుకోని ఉరికితే పిల్లలు పట్టుకొచ్చిండ్రు, అది కూడ పోయింది. సంఘపెద్ద గంప లేపి గుడ్డ తీసిండు. వాసన కమ్ముకున్నది. గని ఎవరు పాడలే. తినేటిది కాదు, దాచుకునేటిది కాదు, గంపెడు పూలు ఎవరు కొంటరు? వదిన నేల దిక్కు చూస్తున్నది. ఆమెను గట్ల నేను ఎన్నడు చూడలే.

పక్కన మా ఆయన గొంతు సవరించుకోని పాడిండు. అక్క మొహం చూడలేకనే పాడిండు, నాకు తెలుసు.

ఎనుకకెళ్ళి ఇంకో గొంతు, ఆయన మీద పెంచి. మర్లి చూస్తే గేటు కాడ బుర్ఖల ఖాలా! మా ఆయన మళ్ళ పెంచిండు. ఖాలా మళ్ళ పెంచింది. జనం నవ్వవట్టిండ్రు. ఖాలాకు నవ్వు రాలే. జనాన్ని దాటుకోని ముంగటికొచ్చింది.

"అరే బేటా, నువ్వేం జేస్కుంటవ్ గిన్ని పూలు? మాపటికి నా సెహ్రా ఉన్నది. బస్సుల రావాల్సిన పూలు రాలే!"

మా ఆయన ఆగిండు. "నిజంగ కావాల్నా ఖాలా?"

"నిజంగ కాకుంటే ఈ మోకాళ్ళతోని నడిచొస్తనా? ఇయ్యాల గాదు, రోజు కావాలె. ఎవడిస్తడు చెప్పు!"

మా ఆయన గంప దిక్కు చూసిండు. ఒక గులాబి తీసి వాసన చూసిండు. తర్వాత అక్క దిక్కు చూసిండు. గోదాం ఆయన కూడ అక్కడనే జనంల ఉన్నడు.

"గంప ఖాలాకే ఇయ్యిండ్రి. రేపటి నుంచి నేనే బండి మీద ఏసుకొచ్చి మీ ఇంట్ల దించుత" అన్నడు.

నేనైతే అందరి ముంగట బోరున ఏడ్చిన, నాకేం సిగ్గు? వదిన కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. మళ్ళ తుడుచుకున్నది. తమ్మునితోని అన్నది:

"పొద్దుగాలనే రావాలె తమ్మీ. ఎండెక్కితే వాసన పోతది."