అష్టమి నాటి కొలత

తెనాలిలో మా పక్కింటి స్లాబు కోసం నిన్న సరుగుడు కర్రలు దింపారు. వానకు బెరడు తడిసేసరికి ఆ వగరు వాసన కిటికీలోంచి వచ్చింది. దాంతోపాటు సన్నగా హోరు. ఆకు లేని కర్రలు హోరుమనవని నాకు తెలుసు. అటవీశాఖలో ఇన్నేళ్లు ఊరికే పనిచేయలేదు. అయినా కిటికీ మూసేసి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఏసుపాదం బాబాయి గుర్తొచ్చాడు.

బాపట్ల దగ్గర తీరంలో నేను కొత్తగా బీట్ ఆఫీసరుగా చేరినప్పుడు, సరుగుడు తోటలు కొట్టే ముఠాకు ఆయన మేస్త్రి, అందరికీ బాబాయే. చెట్టు కొట్టేముందు గొడ్డలి వెనక వైపుతో మానుమీద ఒక్క దెబ్బ వేసి, చెవి ఆనించేవాడు. అంతసేపూ ముఠాలో ఎవరూ దగ్గేవారు కూడా కాదు. ఏం వినిపిస్తుందని అడిగితే, వినిపించినన్నాళ్లూ భయం లేదనేవాడు.

సముద్రం పోటు వచ్చి ఆగే గీత నుంచి కొంత మేర చెట్లు ముట్టుకోకూడదని నియమం. దానిమీద ముఠాలో తలొక మాట. వదిలిన ప్రతి వరుసా తమ నోటికాడ కూడేనని మగవాళ్లు సణిగేవారు. కాగితం రాసినవాడు ఎప్పుడైనా సముద్రం చూశాడా అని బెరడు ఒలిచే మరియమ్మ వెక్కిరించేది. బాబాయి ఒక్కడే నియమాన్ని వెనకేసుకొచ్చేవాడు. నేను టేపు పట్టి కొలిచి, కొట్టాల్సిన చెట్ల మొదళ్లకు తెల్ల పెయింటు పట్టీలు వేయించిన రోజున మాత్రం అడ్డం వచ్చాడు.

“రూలు మంచిదేనండి మేడంగారూ. మీరు కొలిచిన రోజే మంచిది కాదు. ఇయ్యాల అష్టమి, సముద్రం సగమే వచ్చి ఎల్లిపోద్ది. పున్నమికి కొలవండి.”

సంతకం రాని మనిషి నాకు చెప్పేదేంటని పొగరు. కొట్టమన్నాను.

మూడో రోజు మిట్టమధ్యాహ్నానికి సముద్రం వైపు చివరి పట్టీల వరుస మిగిలింది. బాబాయి మానుకు చెవి ఆనించి అలాగే ఉండిపోయాడు. గాలి వీస్తోంది, కొమ్మలు ఊగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన గొడ్డలి కింద పెట్టి, ఈ వరుస కొట్టనన్నాడు. నేను భయపడ్డానని నలుగురికీ తెలియకూడదని ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను: నియమం ప్రకారం వేసిన హద్దును మేస్త్రి ధిక్కరించి పని ఆపాడని. ఆయన్ని పనిలోంచి తీసేశారు. రేపల్లె నుంచి వేరే ముఠా వచ్చింది. వాళ్లు వరుసలో సగం కొట్టేసరికి పున్నమి వచ్చింది.

ఆ ఉదయం చెట్లున్న వైపు ఇసుక దిబ్బ కదల్లేదు. లేనివైపు నీళ్లు దిబ్బ కోసుకుని, వెనకున్న జాలర్ల పాలెం మంచినీళ్ల బావిదాకా పోయాయి. మోకాలిలోతు నీళ్ల కింద, కొట్టేసిన మొదళ్ల మీద నా తెల్ల పట్టీలు కనిపిస్తున్నాయి. నిలిచిన చెట్లు ఊగుతున్నా నిశ్శబ్దంగానే ఉన్నాయి. హోరు కొట్టేసిన వైపు నుంచి వస్తోంది.

బాబాయి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“టేపు పట్టమ్మా, ఇయ్యాల కొలుద్దాం,” అన్నాడు.

రెండో కొస ఆయనే పట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ తీరానికి అదే హద్దు. ఆయన్ని మాత్రం మళ్లీ పనిలోకి తీసుకోలేదు. రిపోర్టు తప్పని రాస్తే నా ఉద్యోగానికి ముప్పని రేపు, మాపు అంటూ వాయిదా వేశాను. ఈలోగా ఆయన పోయాడు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. నియమం మీరింది ఏసుపాదమేనని, కింద నా సంతకంతో, ఫైల్లో ఇంకా ఉంది.