మా మేనత్తకు నచ్చని ముగింపు

మొన్న తెల్లాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో కారు కదలక కూర్చున్నప్పుడు, పక్కనున్న మా కోడలు ఫోన్‌లో ఏదో ప్రేమకథ వింటూ, ఒక భాగం అయిపోగానే ఇంకొకటి పెట్టుకుంటూ, ఇల్లు చేరేలోపు కథంతా ముగించేసింది. ఎలా ఉందని అడిగితే, బాగానే ఉందత్తయ్యా అని కళ్లు మూసుకుంది. ఆఫీసులో అలసిపోయిన పిల్ల, నేనూ మరేమీ అడగలేదు. కానీ ఒక్క కథ కోసం ఇంటిల్లిపాదీ వారం వారం ఎదురుచూసిన రోజులు గుర్తుకొచ్చి, ఆ సాయంత్రమంతా మనసు బరువుగానే ఉండిపోయింది.

డెబ్బైల మొదట్లో మేము సంగారెడ్డిలో ఉండేవాళ్లం. నేను టీచర్ ట్రైనింగ్ చదువుతుండేదాన్ని, మా మేనత్త మిషన్ బడిలో పంతులమ్మ. చర్చిలో హార్మోనియం వాయించే ఒకతను ఆమెను పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి ఉద్యోగానికని బొంబాయి వెళ్లాడు. మొదట్లో తెలిసినవాళ్ల ద్వారా కబుర్లు అందేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. అయినా ఆమె వచ్చిన సంబంధమల్లా వద్దంటూనే ఉంది. ఇంట్లో ఎవరమూ అతని మాట ఎత్తేవాళ్లం కాదు.

హైదరాబాదు నుంచి బస్సులో వచ్చే వారపత్రికలో అప్పుడొక సీరియల్ నడుస్తుండేది. పట్నం వెళ్లిన ప్రియుడి జాడ తెలియకుండా పోతే, అతని కోసమే కూర్చున్న ఒక అమ్మాయి కథ. అలాంటి సీరియల్ కోసం మీలోనూ చాలామంది బస్టాండులో నిలబడే ఉంటారు. మా నాయనమ్మకు చదువు రాదు. మేనత్త బడి నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, చాయ్ తాగి, అలసిన గొంతుతోనే పైకి చదివితే, నాయనమ్మ చేటలో బియ్యం ఏరుతూ వినేది.

"వాడు వస్తడంటవా బిడ్డా?"

"వస్తడేమో అమ్మా, కథ ఇంకా ఉన్నది గద."

ఆ మాటలు కథ గురించేనా అని నాకు అనుమానంగా ఉండేది. ఒకసారి ఇంటి ప్రార్థనలో నాయనమ్మ మా అందరితో పాటు ఆ కథలో పిల్లను కూడా కాపాడమని ప్రభువును వేడుకుంటే, నాన్న నవ్వాపుకోలేక దగ్గాడు.

ఆ రోజుల్లోనే కర్దనూరు నుంచి మేనత్తకు ఒక సంబంధం వచ్చింది. పటాన్‌చెరులో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో పని, భార్య చనిపోయింది, చిన్న కూతురుంది. చెల్లెలితో ఆ మాట ఎత్తలేక నాన్న వాళ్లకు జవాబివ్వకుండా నెట్టుకొస్తున్నాడు.

ఆఖరి వారం రానే వచ్చింది. కథలో ఆ మనిషి వానలో తడుస్తూ తిరిగొచ్చాడు. ఆమె ఒక్క మాటైనా అడగకుండా తలుపు తీసి అతని గుండెల మీద వాలిపోయింది. నాయనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"వచ్చిండు. దేవుడున్నడు."

మేనత్త పత్రిక మూసి పక్కన పెట్టింది.

"వచ్చిండు సరే. ఇన్నేండ్లు ఏడికి వోయినవని ఒక్క మాటన్న అడగద్దా అమ్మా?"

"వచ్చినోన్ని గట్ల నిలదీస్తరా? కథ గదనే!"

మేనత్త లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. అన్నాలకు కూర్చున్నప్పుడు నెమ్మదిగా, "అన్నా, ఆ కర్దనూరోళ్లను ఒకసారి రమ్మను" అంది. మర్నాడే నాన్న వాళ్లకు కబురు పంపాడు. కథ మీద అలిగి ఎవలన్న పెండ్లి చేసుకుంటరా అని నాయనమ్మ చాన్నాళ్లు గొణుగుతూనే ఉంది.

పెళ్లి జరిగింది. మామయ్య మాట తక్కువ మనిషి, దగ్గరికొస్తే మెషిన్ నూనె వాసన వచ్చేది. మేనత్త రోజూ బస్సెక్కి బడికి వచ్చి వెళుతూ, ఆ పిల్లను పెంచి, ఇంకో ఇద్దరిని కని, అందరిలాగే అలసిపోతూ బతికింది. బొంబాయి అతను మళ్లీ రాలేదు.

మామయ్య పోయాక, ఒక మధ్యాహ్నం కర్దనూరులో ఆమెతో చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆనాడు కథ మీద అంత కోపమెందుకొచ్చిందని అడిగాను.

"కోపం కాదే. ఆ పిల్ల తలుపు తీస్తుంటె నన్ను నేను సూసుకున్నట్టయింది. బొంబాయి ఆయనొచ్చి నిలబడితె నేను గూడ ఒక్క మాటడగకుండ తీస్తుంటి. గా సంగతి తెలిసినంక ఇగ ఆయన కోసం కూసోబుద్ది కాలే."

ఒలిచిన గింజలు గిన్నెలో వేస్తూ మళ్లీ తనే అంది. "మీ మామ నన్ను ఏనాడు ఎదురుచూడనియ్యలే. షిఫ్ట్ అయిపోంగనే జల్దీ ఇంటికొచ్చేటోడు."

ఇప్పుడు ఆమె కూడా లేదు. కర్దనూరు దారిలో పొలాలు పోయి షెడ్లు, ప్లాట్లు వచ్చాయి. కథలు మాత్రం ఇప్పుడే ఎక్కువ. నేనూ అప్పుడప్పుడూ ఏదో ఒకటి చదవబోతాను, సగంలోనే కళ్లు మూతలు పడతాయి. ఎప్పుడైనా చివరిదాకా చదివినా, ముగింపు నచ్చిందని ఏడ్చేవాళ్లు, నచ్చలేదని వాదించేవాళ్లు ఇంట్లో లేరు. కథ ఎక్కడ అయిపోయిందో కూడా నాకొక్కదానికే తెలుస్తుంది.